తాతగారికి కలిసొచ్చిన యుద్ధం

యుద్ధాలు మంచివి! కోప్పడకండి. అమెరికాలో, ఆష్‌బర్న్‌లో కూతురింట్లో ఉన్న కొండల్ రావుగారిని అడిగి చూడండి. యుద్ధం ఆయనకు చేసిన మేలు అల్లుడు కూడా చేయలేదు.

ఆయన వచ్చి నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళలో ఇంట్లోవాళ్ళు ఆయన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. బీపీ మాత్ర వేసుకున్నారా? గరాజ్ డోర్ వేశారా? ఇంకేం అడుగుతారు పాపం, అందరికీ మీటింగులాయె!

అలాంటి సమయంలో మనవరాలు వేదకు స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు. యుద్ధకాలంలో మామూలు జనం ఎలా బతికారో, చూసిన పెద్దవాళ్ళను ఇంటర్వ్యూ చేయాలట. డెబ్బై ఒకటి పాకిస్తాన్ యుద్ధమప్పుడు విశాఖపట్నంలో పద్నాలుగేళ్ళ కుర్రాడిగా ఉన్న మనిషి తమ ఇంట్లోనే ఉన్నాడని ఆ రోజే బయటపడింది!

ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించారు. కార్ల లైట్లకు సగం దాకా నల్లరంగు పూశారు. సైరన్ మోగాక చీకట్లో మరమరాల డబ్బా కోసం తను అగ్గిపుల్ల గీస్తే, అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

వేద ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ, "దెన్ ఏమైంది తాతా?" అంది.

ఆయనకు కళ్ళు చెమర్చాయి. ఆ మాట ఆయన్ను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందండీ!

వేద అందరికంటే ముందే ఇచ్చేసి ఏ గ్రేడ్ తెచ్చుకుంది. దాంతో వీధిలో ఉన్న వేద క్లాస్‌మేట్లలో తాతగారికి గిరాకీ పెరిగింది. రిషితకు చెప్పేటప్పటికి వీపు మీద కొట్టింది అమ్మ కాదు, పోలీసు. రుత్విక్ వంతు వచ్చేసరికి, ఆ అగ్గిపుల్ల వెలుగు చూసుకుని శత్రువుల సబ్‌మెరైన్ బీచ్ దాకా వచ్చేసింది! పక్కనే కాఫీ తాగుతున్న ఆయన భార్య గౌరిగారు మాత్రం, "ఆ పోలీసు చేతికి మా అత్తగారి గాజులున్నాయా?" అని అడిగారు.

తప్పంటారా? వినేవాళ్ళు దొరికితే సబ్‌మెరైన్ ఏం ఖర్మ, నాలుగు విమానాలు కూడా దింపొచ్చు.

కానీ స్కూలు యుద్ధం డ్యూ డేట్ దాకానే. ఆ తర్వాత వారం ఒక్కరూ తలుపు తట్టలేదు. మళ్ళీ మాత్ర, మళ్ళీ గరాజ్ డోర్.

చివరికి ఆయనే వేద గది గుమ్మంలో నిలబడి, ఈసారి ఏ యుద్ధం ఇచ్చారమ్మా అని అడిగారు.

"నో వార్ తాతా. ఈసారి వాల్కేనోస్."

కొండల్ రావుగారు అగ్నిపర్వతాల గురించి ఒక్క క్షణం ఆలోచించారు. లోపలికి వచ్చి మంచం అంచున సర్దుకుని కూర్చున్నారు.

"ఫోన్ ఆన్ చెయ్యి తల్లీ. మా ఊళ్ళో ఒకటుండేది."