ఎడారికి పీరియడ్ దొరకలేదు

ఎడారి నగరానికి టూర్ వెళ్ళేవాళ్ళు పొరపాటున కూడా ఎడారి చూడకూడదు!

నవ్వకండి. పూర్తి బాధ్యతతో అంటున్న మాట ఇది. ఎడారిలో ఏముంది? ఇసక. ఇంకొంచెం ముందుకెళితే? ఇంకొంచెం ఇసక. దానికోసం విమానం ఎక్కడం బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా? ఆ మాటకొస్తే వెళ్ళడమే దండగ. సెలవుల్లో ఉన్న సుఖమంతా ప్లాన్ వెయ్యడంలో ఉంది. ప్లానింగ్‌కి ఇసకతో పనిలేదు, ఎండతో పనిలేదు, సూట్‌కేసుతో అంతకన్నా పనిలేదు. ఈ కాలం మనిషికి దొరికిన వరం అది.

కాదంటారా? అయితే టైంటేబుల్ మాస్టారింట్లో ఏం జరిగిందో వినండి. ప్లాన్ వేసింది మాస్టారే అయినా, మనం మాత్రం ఆయన భార్య పక్కన నిలబడి చూద్దాం. ఆ ఇంట్లో ప్లానింగ్ వల్ల నిజంగా బాగుపడింది ఆవిడొక్కతే!

మాస్టారు ఏ సబ్జెక్టు చెబుతారో స్కూల్లో సగంమందికి గుర్తులేదు. టైంటేబుల్ వేసేది ఆయనేనని మాత్రం వాచ్‌మన్‌కి కూడా తెలుసు. స్టాఫ్ రూంలో ఎవరైనా కుర్చీకి వెనక్కి ఆనుకుని కనిపిస్తే ఆయనకి బీపీ పెరుగుతుంది. "ఖాళీ పీరియడ్ అంటే గోడకి కన్నం" అంటారాయన. అంతమాత్రాన ఆయన్ని రాక్షసుడనుకోకండి. ఆయన టైంటేబుల్లో గేమ్స్ పీరియడ్ కచ్చితంగా ఉంటుంది. ఆకుపచ్చ రంగులో, ముచ్చటగా ఉంటుంది. పిల్లలు బంతి పట్టుకుని మెట్లు దిగుతుండగా, సిలబస్ వెనకబడ్డ లెక్కల మాస్టారు ఎదురొచ్చి వాళ్ళని మళ్ళీ పైకి తోలుకుపోతాడు. అది వేరే సంగతి!

ఇక ఆయన భార్య. కోల్డ్ స్టోరేజ్‌లో సూపర్‌వైజర్. చేపల గది, బఠాణీల గది, ఐస్‌క్రీం గది, ఈ మూడింటి మధ్యా ఆవిడ ఉద్యోగం. ఒంటిమీద దుప్పటంత కోటు, కాళ్ళకి రెండు జతల మేజోళ్ళు, నోరు తెరిస్తే పొగ. ఇంటికొచ్చాక కోటు విప్పగలదు గాని చలి విప్పలేదు కదా! నిద్రలో ఆవిడ పాదం తగిలితే మాస్టారు కళ్ళు తెరవకుండానే "సైలెన్స్!" అని అరిచి గోడవైపు జరిగిపోతారు.

అలాంటి ఆవిడకి ఈ చలికాలం, ఎన్నేళ్ళకో, నాలుగు రోజులు సెలవు దొరికింది. మాస్టారికి ఎలాగూ బడి సెలవులు. ధగధగలాడే ఆ ఎడారి నగరానికి వెళ్దామని ఇంట్లో తీర్మానం అయింది.

"నీకేం కావాలో చెప్పవోయ్" అన్నారు మాస్టారు, పెన్సిల్ చెక్కుతూ.

"నాకొక్కటే కావాలండీ. చెప్పులు విప్పేసి, వెచ్చటి ఇసకలో కాసేపు నిలబడాలి."

"నిలబడి?"

"నిలబడి ఏముంది? నిలబడటమే."

"అంతేనా! రాసేశాను పో" అని, రెండోరోజు సాయంత్రం గడిలో 'ఎడారి' అని రాసి, దానికి ఆకుపచ్చ రంగు వేశారు.

ఆకుపచ్చ! ఆ స్కూల్లో చదివిన పిల్లాడెవడైనా పక్కనుంటే ఆవిణ్ణి అప్పుడే హెచ్చరించి ఉండేవాడు.

ప్లాన్ మొదలయ్యాక ఆ ఇల్లు చూడాలి! అంతవరకూ నలుగురూ నాలుగు ఫోన్లలో తలదూర్చి అన్నం తినేవాళ్ళు. ఇప్పుడు అందరి తలలూ ఫ్రిజ్‌కి అతికించిన చార్టు వైపే. "ఇంటికొచ్చాక కూడా ఫ్రిజ్ తలుపేనా చూడాలి?" అని సూపర్‌వైజర్ గొణిగింది గాని ఎవరూ వినలేదు. ఆ చార్టు అలాంటిది మరి. విమానం దిగుట. గదిలో చేరుట. టవర్ ఎక్కుట. ఆశ్చర్యపోవుట (ఫోటోలతో సహా). టవర్ దిగుట. నీళ్ళ బెల్లు. సూర్యాస్తమయం, ఆలస్యమైతే రద్దు. ఇంత క్రమశిక్షణ ప్లానింగ్ వల్ల కాక ఇంకెలా వస్తుందండీ?

మొదటి అర్జీ అత్తగారిది.

"ఒరేయ్ నాన్నా, అక్కడ ఇంత పెద్ద అద్దాల తొట్టి ఉందట. సొరచేపలు మన నెత్తిమీంచే పోతాయట. వెనకవీధి ఆవిడ చూసొచ్చి ఆర్నెల్లయింది, ఇంకా నోరు ముయ్యట్లేదు. నేనూ చూసొస్తే గాని ఆవిడ నోరు మూతపడదు."

"సొరచేపా చేపే కదా అత్తయ్యా. మా చేపల గదికి ఒకసారి వస్తే..."

"మీ చేపలు ఈదవుగా అమ్మాయ్!"

ఎడారి రెండోరోజు సాయంత్రంనుంచి మూడోరోజు సాయంత్రానికి జరిగింది. జరగడమే కదా, పోలేదుగా!

తర్వాత కూతురు. కాలేజీ పిల్ల. ఆ పిల్ల దేన్నయినా ముందు ఫోన్‌తో చూసి, బాగుందనిపిస్తే అప్పుడు కళ్ళతో చూస్తుంది.

"నాన్నా, స్నో హాల్! ఎడారిలో మంచు! బయట ఎండ మండిపోతుంటే లోపల మైనస్ నాలుగు! కోట్లు వాళ్ళే ఇస్తారు!"

"మైనస్ నాలుగా?" అంది తల్లి. "మా ఐస్‌క్రీం గది ముందు అది దిగదుడుపే. రేపు నాతో రా, ఊరికే చూపిస్తా. కోటు కూడా ఇస్తా."

"నీ గదిలో పెంగ్విన్లున్నాయా అమ్మా?"

"నువ్వొస్తే ఆ లోటు తీరుతుంది."

అందరూ నవ్వారు. నవ్వుతూనే మాస్టారు రబ్బరు తీశారు. ఎడారి నాలుగోరోజు తెల్లవారుజాముకి వెళ్ళింది.

ఇక్కడ ఒక్కమాట. ప్రజాస్వామ్యం అంటే ఏమిటో ఆ ఇంటిని చూసి నేర్చుకోవాలి. అందరి కోరికా వింటారు. అందరి కోరికకీ గడి ఉంటుంది. ఒకరి గడి మాత్రం కాస్త చక్రాలున్న గడి. అంతే తేడా!

సూపర్‌వైజర్‌కి లోపల ఎక్కడో గుబులు పుట్టింది. లంచ్ టైంలో, చేపల గది తలుపుకి వీపు ఆనించి, ట్రావెల్ ఏజెంట్‌కి ఫోన్ చేసింది.

"బాబూ, ఎడారి కచ్చితంగా చూపిస్తారు కదా?"

ఏజెంట్ గొంతు తగ్గించాడు.

"మేడం, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా. ప్లాన్‌లో అందరూ మొదట పెట్టుకునేది ఎడారే. చివర్లో అందరూ తీసేసేదీ అదే. నా కస్టమర్లలో ఎడారి చూసొచ్చినాయన ఒక్కడే ఉన్నాడు."

"ఎలా చూశాడు?"

"దారి తప్పాడు మేడం."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఊపిరి వదిలితే పొగ వచ్చింది. ఆవిడకి మొదటిసారి తన నాలుగు రోజుల సెలవు కళ్ళముందు కనబడింది. అద్దాల తొట్టి, చేపలు, కోటు, మంచు. కోల్డ్ స్టోరేజ్‌నుంచి సెలవు పెట్టి, విమానమెక్కి, ఇంకో కోల్డ్ స్టోరేజ్‌కి!

ఆ సాయంత్రం ఇంటి గేటు దగ్గర మాస్టారు బూట్లు దులుపుకుంటూ కనబడ్డారు. పక్కింటివాళ్ళు మేడమీద గది వేస్తూ లారీడు ఇసక తెచ్చి వీళ్ళ గేటు పక్కనే పోయించారు. రోజూ ఇదే గొడవ.

"వెధవ ఇసక! బూట్లనిండా ఇసక! ఇల్లంతా ఇసక!" అని తిట్టుకుంటూ లోపలికెళ్ళి, ఎడారి నగరం చార్టు ముందు కూర్చున్నారాయన.

చివరి సమావేశం ఆ రాత్రి భోజనాల దగ్గర. మర్నాడే టికెట్లు కొనాలి. మాస్టారు కర్ర పట్టుకుని ఒక్కో గడీ చదివారు. నాలుగోరోజు తెల్లవారుజాము దగ్గరికొచ్చేసరికి సూపర్‌వైజర్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అక్కడ 'మిగిలిన షాపింగ్' అని ఉంది.

"ఎడారేదండీ?"

"ఎక్కడికి పోతుందోయ్? గేమ్స్ పీరియడ్ లాంటిది, ఎక్కడైనా సర్దొచ్చు. ఇదిగో, ఎయిర్‌పోర్టుకి వెళ్ళే దారంతా ఎడారేనట. టాక్సీలోంచి చూడొచ్చు. కిటికీ పక్క సీటు నీదే. రాసి పెట్టాను!"

"కిటికీ పక్కన కూర్చోకపోతే నాకు వాంతులు కదరా" అన్నారు అత్తగారు.

"ఫోటోలు తియ్యాలంటే రెండో కిటికీ నాది" అంది కూతురు.

మాస్టారు కణతమీద పెన్సిల్‌తో రెండుసార్లు కొట్టుకున్నారు. ముఖం వెలిగింది.

"నువ్వు మధ్యలో కూర్చోవోయ్. రెండువైపులా కనబడుతుంది!"

సూపర్‌వైజర్ ఏమీ అనలేదు. కోల్డ్ స్టోరేజ్‌లో మోటార్ల చప్పుడు ఆగిపోయిందంటే లోపల ఏదో కరగడం మొదలైందని అర్థం. ఆ సంగతి ఆ బల్ల దగ్గర ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చింది.

"మీరు ముగ్గురూ వెళ్ళిరండి."

"అదేమిటమ్మా!" అంది కూతురు, నిజంగానే బెదిరిపోయి.

"నాకు చలి పడదే."

"ఎడారిలో చలేమిటోయ్?" అన్నారు మాస్టారు.

"మీ ప్లాన్‌లో చలి తప్ప ఏముందండీ? చార్టంతా వెతికాను. నా పీరియడ్ లేని బడికి నేనెందుకు రావడం?"

మాస్టారు నిజంగానే బాధపడ్డారు. బతిమాలారు కూడా. కాసేపయ్యాక మాత్రం, "ముగ్గురైతే టాక్సీలో అమ్మ కాళ్ళు చాపుకోవచ్చు" అన్న ఆలోచన వచ్చి, ఆయన చెయ్యి తనంతట తనే రబ్బరు వైపు వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళారు. ఇల్లు నిశ్శబ్దం. సూపర్‌వైజర్ మధ్యాహ్నం దాకా పడుకుంది. లేచి, చెత్తబుట్ట బయటపెడదామని గేటు తీసింది. ఇసకకుప్ప పక్కనుంచి తప్పుకుని నడవబోతే చెప్పు జారి పాదం లోపలికి దిగబడింది.

వెచ్చగా ఉంది!

ఆవిడ కదల్లేదు. పొద్దుటినుంచి ఎండ తాగిన ఇసక. వేళ్ళ సందుల్లోకి, మడమ కిందికి, చీలమండ చుట్టూ మెల్లగా చేరుతోంది. దొంగతనానికి వచ్చినట్టు అటూ ఇటూ చూసి, రెండో చెప్పు కూడా విప్పేసింది. ఎన్నో ఏళ్ళుగా కాళ్ళలో గడ్డకట్టుకుని ఉన్నదేదో కొద్దికొద్దిగా వదులవుతున్నట్టు అనిపించింది. కళ్ళు మూసుకుంది.

"అమ్మగారూ, ఇసక దారికి అడ్డంగా ఉందా? తీయించెయ్యమంటారా?" పక్కింటి గోడమీంచి మేస్త్రీ.

"వద్దు! దాన్ని ముట్టుకోవద్దు!"

మేస్త్రీ ఉలిక్కిపడి తాపీ జారవిడిచాడు. "స్లాబు పని మొదలయ్యేదాకా ఉంటుందిలెండమ్మా. సారు వాళ్ళు వచ్చిన మర్నాటికల్లా ఎత్తేస్తాం."

ఆవిడ కుర్చీ తెచ్చుకుంది. టీ తెచ్చుకుంది. రెండోరోజు గొడుగు కూడా తెచ్చుకుంది. మూడోరోజు ఇసకలో తన పాదాలు ఫోటో తీసి ఇంటి గ్రూపులో పెట్టింది. గేటు లేదు, గోడ లేదు. బంగారంలా మెరిసే ఇసక, అందులో రెండు పాదాలు. అంతే!

వెంటనే ఫోన్ మోగింది. అవతల మాస్టారి పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఏ... ఏమోయ్! ఆ ఎ... ఎడారెక్కడిది? మన టై... టైంటేబుల్లో లేదే!"

"మీరెక్కడున్నారండీ?"

"స్నో హాల్లో. అమ్మకి ఒక కోటు చాల్లేదంటే నాది కూడా ఇచ్చేశాను. బూ... బూట్లలోకి మంచు పోయింది."

"ఐస్‌క్రీం గదిలోకి వెళ్ళేముందు రెండు జతల మేజోళ్ళు వేసుకోవాలండీ" అని చెప్పి, ఆవిడ టీ తాగింది.

నాలుగోరోజు సాయంత్రం ముగ్గురూ దిగారు. అత్తగారికి జలుబు, కూతురికి దగ్గు. ఎయిర్‌పోర్టు దారిలో ఎడారి కనిపించిందా అంటే, అత్తగారు కళ్ళు మూసుకున్నారు, కూతురు తన మొహాన్ని ఫోటో తీసుకుంటోంది, మాస్టారు చార్టు చూసుకుంటున్నారు. ఆ రాత్రి మాస్టారి పాదం తగిలి సూపర్‌వైజర్ "సైలెన్స్!" అని అరిచి గోడవైపు జరిగిందట. అది వాళ్ళింటి విషయం, మనకెందుకు?

మనకి కావలసింది ఆ రాత్రికి కాస్త ముందు జరిగింది. గేటు పక్కన కుర్చీ, గొడుగు, ఇసకలో రెండు పాదాల గుంటలు చూసి మాస్టారు చాలాసేపు నిలబడిపోయారు. తర్వాత జేబులోంచి పెన్సిల్ తీశారు.

"దీన్నిలా క్రమశిక్షణ లేకుండా వాడితే ఎలాగోయ్? రేపటినుంచి అందరికీ పీరియడ్లు వేస్తాను. పొద్దున అమ్మకి, మోకాళ్ళకి మంచిది. మధ్యాహ్నం అమ్మాయికి, ఫోటోలకి వెలుతురు బాగుంటుంది. ఎండ తగ్గాక నేను. నువ్వు..."

"నేను?"

"నువ్వు ఎప్పుడైనా సర్దుకుంటావుగా!" అని, కొత్త చార్టులో చివరి గడికి ఆకుపచ్చ రంగు వేశారు.

ఆవిడ టైంటేబుల్ మొత్తం శ్రద్ధగా విన్నది. చాలా బాగుందంది. గడులు సమానంగా వచ్చాయంది. స్కేలు అందించింది కూడా.

తెల్లారగానే మేస్త్రీ వచ్చి ఇసకంతా ఎత్తుకుపోతాడన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పాలి? మొదట్లోనే చెప్పుకున్నాం కదా, ప్లానింగ్‌కి ఇసకతో పనిలేదు!