రామకృష్ణయ్య గారి రెండు వందల రోజుల గీత

కళ్లున్నవాళ్లు షేర్లు కొనకూడదు!

కోప్పడకండి. కళ్ల మీద నాకేం కక్ష లేదు. కానీ ఎదురుగా ఉన్నదాన్ని చూడటం వాటికి దురలవాటు. చూసినదాన్ని నమ్మమని మనిషిని సతాయించడం ఇంకో దురలవాటు. ఈ బెడద లేకుండా డబ్బు పెట్టే మార్గం ఒకటుంది. దాని పేరు టూ హండ్రెడ్ డే మూవింగ్ యావరేజ్. ఇంతటి వరం మానవజాతికి మళ్లీ దొరకదని, ఆదోని పత్తి వ్యాపారి రామకృష్ణయ్య గారి సాక్షిగా ఇప్పుడు నిరూపిస్తాను.

లెక్క చాలా సులువు. ఒక షేరుకు గత రెండు వందల ట్రేడింగ్ రోజుల ధరలన్నీ కూడి, రెండు వందలతో భాగించి ఒక చుక్క పెడతారు. మర్నాడు పాత రోజొకటి జారిపోతుంది, కొత్తదొకటి చేరుతుంది, ఇంకో చుక్క పడుతుంది. చుక్కలన్నీ కలిపితే గీత. ధర గీతకు పైన ఉంటే కంపెనీ బంగారం, కింద ఉంటే బూడిద! ఆ కంపెనీ ఏం చేస్తోందో, అసలేమైనా చేస్తోందో లేదో కనుక్కునే శ్రమ మీకెందుకు చెప్పండి?

ముందుగా రామకృష్ణయ్య గారి కుడిచెయ్యి గురించి చెప్పాలి. మార్కెట్ యార్డులో పత్తి కుప్పను పైపైన చూసి ధర చెప్పిన పాపాన ఆయన ఏనాడూ పోలేదు. చొక్కా చెయ్యి మడుస్తారు. మోచేతి దాకా కుప్పలోకి దూర్చి, అడుగున ఉన్న దూదిని గుప్పెడు పట్టి బయటికి లాగుతారు. రెండు వేళ్ల మధ్య సాగదీసి పింజ పొడుగు చెప్పేస్తారు, అరచేతిలో నలిపి తేమ చెప్పేస్తారు. పైన ఎండుపత్తి, లోపల తడిపత్తి పెట్టి తెచ్చినవాడికి ఆ చెయ్యి కుప్పలోకి పోతుంటే నోరెండిపోతుంది.

అలాంటి చేతికి గీత వచ్చి విశ్రాంతినిచ్చింది. కొడుకు దీపక్ ఫోనులో యాప్ పెట్టి ఆ గీత చూపించిన రోజు నుంచి ఆయన మనిషే మారిపోయారు.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య శారదమ్మకు, మాధవరంలో పుట్టింటి పొలంలో తన వాటా అమ్మితే కొంత డబ్బు వచ్చింది. ఎమ్మిగనూరులో చీరల అంగడి పెట్టాలని ఆవిడ పెళ్లైన కొత్తల నుంచీ అంటూనే ఉంది. రెండు షట్టర్ల అంగడి, ఎదురుగా గాజు అలమరలు, బోర్డు మీద తన పేరు. బజారులో మంచి షట్టర్లు ఖాళీ అయ్యేదాకా డబ్బు ఊరికే ఉండటమెందుకని, రామకృష్ణయ్య గారు దాన్ని తీసుకెళ్లి ఊరి బయటి స్పిన్నింగ్ మిల్లు షేర్లలో పెట్టారు. మిల్లు పేరు నేను చెప్పను, నోటీసులొస్తాయి. ధర గీతకు ఎంతో ఎత్తున ఉంది. అంతకన్నా ఏం కావాలి?

ఇక ఇంట్లో గీత పాలన మొదలైంది. ఎంత సుఖమో చూడండి! ఉగ్గానిలో ఉప్పెక్కువైనా ఆయన గొణగడం మానేశారు, సరాసరిన ఉప్పు సరిపోయిందట. చలిజ్వరంతో పళ్లు టకటకలాడుతున్నా డాక్టరు దగ్గరికి రానన్నారు, రెండు వందల దినాల సరాసరి నార్మలేనట. ఎమ్మిగనూరు రోడ్డు మీద గుంతలున్నాయని జనం ఏడుస్తారు కానీ, గుంతల్నీ మిట్టల్నీ కూడి భాగించి చూడండి, అంత చదునైన రోడ్డు జిల్లాలో ఇంకొకటి లేదు! ఊరంతా పిడకలతో కొట్టుకునే కైరుప్పల సంబరంలో నుదురు బొప్పి కట్టిన బావమరిదిని కూడా ఆయన ఇలాగే ఓదార్చారు. మిగతా ఏడాదంతా నుదురు నున్నగానే ఉంది కదా అన్నారు. విత్తనం మాడిపోయాక వాన కురిస్తేనేం, సరాసరిలోకి వచ్చింది కదా! వాన లెక్కలు రాసే సర్కారు ఆఫీసులు ఎప్పుడో కనిపెట్టిన ఈ జ్ఞానం వ్యాపారుల దాకా రావడానికి ఇంత కాలం పట్టింది, అంతే.

ఇంతలో మిల్లు ముందు లారీలు పలచబడ్డాయి. ఆ తర్వాత కనబడటం మానేశాయి. యార్డుకు పోయే దారిలోనే మిల్లు గేటు. వాచ్‌మన్ దావీదు ఆ గేటుకు కుర్చీ ఆనించి కునుకు తీస్తుంటే, రామకృష్ణయ్య గారు రోజూ స్కూటరు మీద హారన్ కొట్టి పలకరించి మరీ పోయేవారు.

ఒకరోజు ఎమ్మిగనూరు నుంచి శారదమ్మ చెల్లెలు శ్రీలక్ష్మి ఫోన్ చేసింది. నడిబజారులో రెండు షట్టర్లు ఖాళీ అయ్యాయి.

"రేపే అడ్వాన్సు ఇయ్యాలంట. ఆ షేర్లు అమ్మేయండి" అంది శారదమ్మ.

"ఇప్పుడమ్మేది తప్పు శారదా. గీతకు ఇంకా పైనే ఉండాది."

"పొద్దున మీరే కదా మీ యార్డు శివకుమార్‌కు ఫోన్లో చెప్పినారు? ఆ మిల్లుకు లోడు పంపొద్దప్పా, ఆడ మిషన్లే తిరుగుతా లేవు అని?"

"అది వ్యాపారం. ఇది ఇన్వెస్ట్‌మెంట్!"

శారదమ్మకు ఒళ్లు మండింది. మండదా మరి? ఇన్నేళ్లు అడిగి అడిగి చేతిదాకా వచ్చిన అంగడికి ఒక గీత అడ్డం నిలబడి తమాషా చూస్తోంది. చెల్లెల్ని బతిమాలి వారం గడువు పెట్టించుకుంది. ఆయనతో మాటలు మానేసింది.

మర్నాడు యార్డుకు చిప్పగిరి నుంచి నరసన్న పత్తి తెచ్చాడు. రామకృష్ణయ్య గారు చొక్కా చెయ్యి మడిచి కుప్పలోకి దూర్చారు.

"లోపల తడి ఉండాది నరసన్నా. రేటు తగ్గుతాది."

"యాడ తడి అన్నా? విత్తినప్పట్నుంచి ఎండలోనే ఉండె నా పత్తి. నిన్న దోవలో ఒక్క వాన పడె. ఒక్క వానకే తడిపత్తి అంటే ఎట్ల? రెండు వందల దినాల సరాసరి సూడాలని నువ్వే కదా అందరికీ సెప్తాండావు! సూడు మరి. నాది ఎండుపత్తే!"

యార్డంతా గొల్లుమంది.

"నేను కొనేది ఈ పొద్దు పత్తినప్పా, సరాసరిని కాదు!" అని గద్దించారు రామకృష్ణయ్య గారు.

గద్దించి, అలాగే నిలబడిపోయారు. చెయ్యి ఇంకా కుప్పలోనే ఉంది. తన మాట తనకే వినబడింది. మిల్లు గేటు, గేటుకు ఆనించిన కుర్చీ, శారదమ్మ అంగడి బోర్డు వరసగా కళ్లముందు కదిలాయి. ఆయనకు నిజంగా భయమేసింది. తడికి కోత వెయ్యడం కూడా మరిచిపోయి, నరసన్నకు ఎండుపత్తి రేటే రాయించి, ఫోను తీశారు.

అప్పటికే మిల్లు మూతపడిన వార్త బయటికి వచ్చేసింది. షేరు లోయర్ సర్క్యూట్‌లో ఉంది, అంటే అమ్మేవాళ్లే అందరూ, కొనేవాడు ఒక్కడూ లేడు. విచిత్రమేమిటంటే, ధర అప్పటికీ గీతకు పైనే ఉంది! గీత లెక్కన మిల్లు ఇంకా బంగారమే. రోజూ పొద్దున అమ్మకానికి పెట్టడం, సాయంత్రం దాకా ఎదురుచూడటం. చివరికి ధర గీత దాటి కిందికి జారిన నాడు యాప్ నుంచి మర్యాదగా ఒక మెసేజ్ వచ్చింది: "ట్రెండ్ బలహీనపడుతోంది, గమనించగలరు." గేటుకు వేసిన తాళం అప్పటికే తుప్పు పడుతోంది.

గీతను తిట్టకండి, నేను ఒప్పుకోను. నిన్నటిదాకా జరిగింది అది అచ్చుతప్పు లేకుండా చెప్పింది. ఈ రోజు సంగతి తనకు తెలుసని అదెప్పుడైనా అన్నదా?

అమ్మగా వచ్చింది సగానికి సగం. వారం గడువు ఎప్పుడో దాటిపోయింది, రెండు షట్టర్లనుకున్న అంగడి ఒక షట్టరైంది, గాజు అలమరలు తర్వాత చూసుకుందామనుకున్నారు. బోర్డు మీద పేరు మాత్రం శారదమ్మదే. అంగడి తెరిచిన రోజు రామకృష్ణయ్య గారు అలవాటుగా గల్లాపెట్టె వెనక కుర్చీ వైపు నడిచారు.

"ఆడ కాదు. ఈ స్టూలు మీద కూర్చోండి" అంది శారదమ్మ, చాలా రోజుల తర్వాత నోరు విప్పి.

"ఏమి?"

"మీ తెలివికి సరాసరి తీస్తాండాను. ఈ పొద్దుతోనే మొదలు. రెండు వందల దినాలు పోనీండి. గీతకు పైనుంటే గల్లా కాడికి వద్దురు గాని."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. అంతలో నేతగాడు మారుతి చీరల మూట తెచ్చి దించాడు. పై చీర నిగనిగలాడుతోంది. శారదమ్మ మురిసిపోయి రేటు అడగబోయింది.

రామకృష్ణయ్య గారు లేచి, చొక్కా చెయ్యి మడిచి, మోచేతి దాకా మూటలోకి దూర్చారు.