నూనె రాయని మొహం

"ఆరు వారాల్లో ఈ పిల్ల మొహం బాగుపడకపోతే నూనె ఎక్కడ మెరుస్తుంది? ఊరు ఊరుకుంటుందా?" అని లోసలీనె పైకే అనేసింది. వినడానికి పెరట్లో ఒక పందీ, దాని పిల్లలూ తప్ప ఎవరూ లేరు. సోమవారం పొద్దున్నే ఆమె కొబ్బరి కోరే పీట మీద కూర్చుంది. పద్దెనిమిది కాయలు కోరి, పాలు పిండి, ఎండబెట్టి, గంధపు చెక్కా, ఘాటైన వాసన వేసే మొహొకోయి పూలూ వేసి నూనె తీయాలని ఆ పూట ఆలోచన. చర్చి పైకప్పు కోసం చందాలు పోగుచేయడానికి పెట్టే కచేరీలో ఆమె కూతురు సియాలె ఒంటరిగా నాట్యం చెయ్యబోతోంది.

నాట్యం చేసే కన్నెపిల్ల ఒంటికి నూనె పట్టించకుండా నడిసముద్రంలోని ఆ వవావు దీవిలో ఎవరూ వేదిక ఎక్కించరు. ఒళ్ళు తళతళలాడితే తల్లి పెంపకం మంచిదంటారు. మెరవకపోతే ఎవరూ ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడమే లోసలీనె భయం. అసలే ఆమెది కీడు శంకించే మనసు. కూతురు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే చాలు, సమాధి దగ్గర ఏ కీర్తన పాడాలో కూడా ఆలోచించి పెట్టుకునేది. ఇప్పుడు ఆ కూతురి నుదుటి మీద ఆవాలు చల్లినట్టు మొటిమలు. చెంపల మీదవైతే ఆవాలు దాటి శనగలయ్యాయి.

పదహారేళ్ళ సియాలె నీళ్ళ తొట్టి దగ్గర మొహం కడుక్కుని వచ్చి, మెత్తటి తువాలుతో అద్దుకుంటూ తల్లి ముందు నిలబడింది.

"నూనె మొహానికి వద్దమ్మా. చేతులకీ కాళ్ళకీ ఎంతైనా రాయి."

"మొహం వదిలేసి కాళ్ళకా? వచ్చినవాళ్ళు నీ కాళ్ళతో మాట్లాడతారా?"

"ఆస్పత్రిలో తోఆకాసె సిస్టర్ చెప్పింది. ఇన్నాళ్ళూ నువ్వు రాసిన నూనే లోపల అడ్డంపడి మొటిమలు పెంచుతోందట. నా మొహం మెరవక్కర్లేదు, మానితే చాలు."

పదహారేళ్ళు కన్నతల్లి చేత్తో రాసిన నూనె. లోసలీనె లేచి లోపలికి వెళ్ళింది. అద్దం పక్కన సియాలె అంటించుకున్న కాగితం చదివింది. పొద్దున, రాత్రి గాఢత లేని సబ్బుతో కడగాలి, రుద్దకూడదు. నూనె లేని క్రీము పల్చగా రాయాలి. పగలు ఎండ ఆపే క్రీము. రాత్రి గొట్టంలోని మందు బఠాణీ గింజంత. గిల్లకూడదు. ఆరు వారాలో ఎనిమిదో ఓపిక పట్టాలి. మొదట్లో ఎర్రబడి పొరలు లేస్తే భయపడవద్దు. ఆ చివరి మాట చదివాకే లోసలీనెకి అసలు భయం పట్టుకుంది.

బుధవారానికల్లా మొహం కాగితంలో రాసినట్టే ఎర్రబడి పొరలు లేచింది. లోసలీనె వంటింట్లో ఏడ్చింది. గురువారం బట్టలు ఉతుకుతుంటే ఆ ఏడుపు కూడా ఆగిపోయింది. అత్తగారు పోయి ఏడు నెలలైంది. ఇంటిల్లిపాదీ ఏడాదిపాటు నలుపు కట్టాలి. సియాలె నల్ల జాకెట్టు మెడ చుట్టూ, గడ్డం ఆనే చోట, నలుపు పోయి నారింజ తొక్క రంగు మచ్చలు తేలాయి. ఎంత పిండినా, ఎంత ఆరవేసినా మచ్చలు అలాగే ఉన్నాయి. దుఃఖం కోసం కట్టిన నలుపు దానంతటదే వెలిసిపోతుందా? పోయినావిడ మన దుఃఖాన్ని తిప్పికొట్టిందంటే ఏమనుకోవాలి?

అక్కడితో ఆగి కూతుర్ని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ లేదు. లోసలీనె ఆ జాకెట్టు చంకలో పెట్టుకుని తిన్నగా ఆడబిడ్డ కలోలైనె ఇంటికి నడిచింది.

ఆ దీవుల్లో మేనత్త మాటకి తిరుగులేదు. తమ్ముడి పిల్లల పెళ్ళిలో, చావులో, పేరు పెట్టడంలో ఆమెదే పైచెయ్యి. ఆమె మనసు నొచ్చుకుంటే ఆ పిల్లలకి మేలు జరగదని నమ్మకం. కలోలైనె జాకెట్టుని వెలుతురుకి ఎత్తి చూసింది, వాసన చూసింది, కళ్ళు మూసుకుంది. అమ్మ సమాధిలో నెమ్మదిగా లేదని, ఏదో చెట్టు వేరు దిగి ఆమె చెంపని నొక్కుతోందని, అందుకే మనవరాలి చెంప పుండవుతోందని తేల్చింది.  సమాధి తలవైపు దేవగన్నేరు కొమ్మ నాటింది లోసలీనే, అదీ మూడు నెలల కిందట, అందంగా ఉంటుందని.

ఆ రాత్రి పోయినావిడ కోసం పెట్టిన ప్రార్థనకి చుట్టాలంతా నల్లబట్టల్లో వచ్చారు. సియాలె అప్పుడే మొహం కడిగి మందు రాసుకుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే, "అయ్యో తల్లీ" అంటూ పిల్ల చెంపకి చెంప ఆనించి, భుజం మీద తల వాల్చుకుని ముద్దాడారు. కలోలైనె అందరికన్నా గట్టిగా కావలించుకుంది. పాస్టర్ గారు కూడా నల్ల కోటుతో వంగి దీవించారు.

తెల్లారేసరికి ఊరు అట్టుడికింది. కలోలైనె భుజం మీద మచ్చ. చిన్నమామగారి చొక్కా మెడ మీద మచ్చ. పాస్టర్ గారి కోటుకి ఎడంవైపు అరచేతంత మచ్చ. నలుపు ఎక్కడ వెలిస్తే అక్కడ ఒక నేరం బయటపడసాగింది. ముసలమ్మ ఇనప కుండ అరువు తెచ్చి తిరిగి ఇవ్వలేదని చిన్నమామగారు కన్నీళ్ళతో ఒప్పుకున్నాడు. ఆవిడ చేతి కర్ర దాచింది తనేనని ఒక తోడికోడలు నేలమీద కూలబడింది. ముసలమ్మ అంత్యక్రియల రోజు రగ్బీ ఆట చూడాలని ప్రార్థన సగం మింగేశానని పాస్టర్ గారు చెప్పినప్పుడు మాత్రం ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఓదార్చవలసినవాడే ఆయన.

"అది మందు," అంది సియాలె గుమ్మంలో నిలబడి. "రంగు బట్టకి తగిలితే వెలిసిపోతుందని సిస్టర్ ముందే చెప్పింది. అందుకే నేను తెల్ల దిండు గలీబు వేసుకుంటున్నా."

"పెద్దవాళ్ళు పాపాలు కడుక్కుంటుంటే మధ్యలో నీ సబ్బు గోలేమిటే?" అంది కలోలైనె.

సియాలె అదే మాట రెండోసారి, మూడోసారి చెప్పింది. తల దించలేదు. ఆడబిడ్డ ముందు కూతురు అలా నిలబడటం చూసి లోసలీనె ఇక ఆగలేకపోయింది. చటాలున వెళ్ళి ఆ మందు గొట్టం లాక్కుని తన నల్ల లంగా జేబులో కుక్కింది. మూత సరిగ్గా బిగించలేదు. భర్త సెమిసి ఏమంటాడోనని చూసింది. ఆయన మర్నాడు సమాధి తవ్వడానికి పారకి పదును పెడుతున్నాడు.

శనివారం పొద్దున్నే శ్మశానంలో ఎనిమిది మంది మగవాళ్ళు పారలు పట్టారు. తవ్వేవాళ్ళ కోసం పక్కనే గోతిపొయ్యిలో కంద, పందిమాంసం ఆకుల్లో చుట్టి కాల్చడానికి పెట్టారు. శవపెట్టె జోలికి పోకుండా చుట్టూ ఇసక తీసి వేర్లు చూడాలన్నది కలోలైనె ఆజ్ఞ. ముందు దేవగన్నేరు పీకారు. దాని వేర్లు చిటికెన వేలంత కూడా లేవు. ఇంకా లోతుకి పొమ్మంది. నడుము లోతు పోయారు. వేరు లేదు సరికదా, గడ్డిపోచ కూడా తగల్లేదు.

కలోలైనె ఓడిపోయే మనిషి కాదు. వేరు లేదంటే దోషం పిల్లలోనే ఉందంది. నూనెని కాదన్న మొహానికి ఇక్కడే, అందరి ముందే, నుదుటి నుంచి నూనె పట్టించాలని, ఇక ఆ సబ్బులూ క్రీములూ ఇంట్లో కనపడకూడదని చెప్పి వెంట తెచ్చిన నూనె సీసా మూత తీసింది. సియాలె రెండు అడుగులు వెనక్కి వేసింది. పరిగెత్తలేదు, ఏడవలేదు. రెండు అరచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడింది. పొరలు రాలిపోయిన చోట లేత చర్మం అప్పుడప్పుడే బయటపడుతోంది. అయిదు రోజులు గిల్లకుండా, గోకకుండా దాన్ని కాపాడుకుంది.

కలోలైనె చూపు అప్పుడే లోసలీనె మీద పడింది. "చూడండి, చూడండి, చెట్టు నాటిన మనిషికి ఎక్కడ తేలిందో."

లోసలీనె లంగా మీద, కుడి తొడకి పైన, జానెడు మచ్చ. అందరూ మెడలు సాచారు. లోసలీనె కూడా వంగి చూసుకుంది. ఆ మచ్చకి ఒకవైపు వెడల్పు, రెండోవైపు సన్నం, సన్నంగా ఉన్న చోట ముద్దగా మూత ఆకారం. జేబులో చెయ్యి పెడితే వేళ్ళకి జిగురు తగిలింది. చనిపోయిన అత్తగారికి కోడలి మీద కోపం ఉండొచ్చు. ఎంత కోపమున్నా మందు గొట్టం ఆకారంలో రాదు.

ఊరుకుంటే నింద తన మీద, నూనె కూతురి మొహం మీద పడతాయి. నోరు విప్పితే ఆడబిడ్డ పరువు పోతుంది, రేపటి నుంచి కూతురి బతుక్కి ఆ నోటి దీవెన ఉండదు. జరగబోయే కీడులన్నీ లోసలీనె కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. పెళ్ళి కాని సియాలె, పిల్లలు లేని సియాలె, అందరూ వెలేసిన సియాలె. వాటికి ముందు మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్న సియాలె నిలబడి ఉంది. ఇదొక్కటే నిజంగా ఉంది.

ఆమె గొట్టం బయటికి తీసి, తన పైబట్ట నల్లటి కొంగు మీద అడ్డంగా ఒక గీత గీసి, నీళ్ళు చల్లి, తవ్విన ఇసక కుప్ప మీద ఎండలో పరిచింది. గోతిపొయ్యి విప్పే దాకా ఎవరూ నూనె సీసా ముట్టకూడదంది. ఎనిమిది మంది మగవాళ్ళు పారల మీద గడ్డాలు ఆనించి ఒక బట్టకేసి చూస్తూ రెండు గంటలు కూర్చున్నారు. పొయ్యి మీద ఆకులు తీసేసరికి నల్ల కొంగు మీద నారింజ గీత తేలి ఉంది.

"ఇదీ అత్తగారి కోపం," అంది లోసలీనె.  "వదినా, నీ కాళ్ళకి దండం పెడతాను. నా కూతురి మొహానికి మాత్రం నూనె రాయనివ్వను. ఆరు వారాలు దాని మొహం దానిది."

ఇనప కుండ సంగతి చెప్పుకున్న చిన్నమామగారు ఆకాశంలోకి చూశాడు. పాస్టర్ గారు కోటు విప్పి మడత పెట్టుకున్నారు. తనకి మొదటి నుంచీ అలాగే అనిపించిందని సెమిసి అన్నాడు, కంద ముక్క నములుతూ. కలోలైనె సీసాకి మూత బిగించి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది.

అయిదు వారాలు ఆమె పలకలేదు. చర్చిలో పలకరిస్తే కీర్తనల పుస్తకం తిప్పేది. లోసలీనె వండి పంపిన గిన్నె కడిగి పంపేది, మాట పంపేది కాదు. లోసలీనెకి రాత్రులు నిద్ర లేదు. నిద్ర లేనందుకు కూతురు మందు రాసుకుందో లేదో లేచి చూసేది. పొద్దున్నే తొట్టి పక్కన కాపలా కాసేది. మొటిమ మీదకి వేలు పోతే చెయ్యి మీద ఒక్కటి వేసేది. మొహం రుద్దబోయిన ఒక చుట్టపు పిల్లకి, అడక్కపోయినా, రుద్దకూడదని గంటసేపు చెప్పింది. శనగలు ఆవాలయ్యాయి, ఆవాలు చాలావరకు రాలిపోయాయి. గడ్డం మీద రెండు మాత్రం మొండికేశాయి.

కచేరీ రోజున సియాలె ఆ రెంటినీ దాచలేదు. పౌడరు పూస్తానన్న స్నేహితురాలిని వద్దంది. చేతులూ కాళ్ళూ నూనెతో నిగనిగలాడుతుండగా, పొడి మొహం పైకెత్తి వేదిక మధ్యకి వచ్చింది. జనం ఒక్క క్షణం గుసగుసలాడారు. ఆమె చేతులు కదిలాక గుసగుస ఆగింది. ఇంత గర్వంగా నవ్వే మొహాన్ని ఆ ఊరు చూసి చాలా రోజులైంది.

మేనకోడలు నాట్యం చేస్తుంటే మేనత్త లేచి పక్కన గంతులు వెయ్యాలి. అది మర్యాద. కలోలైనె ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. పాట ఒక చరణం అయింది, రెండోది అయింది. లోసలీనె వెనక వరస నుంచి వంగి, జీవితంలో మొదటిసారి ఆడబిడ్డ భుజం తట్టి, "వదినా, నా పిల్ల బాగా లేదా?" అని అడిగింది.

కలోలైనె తల తిప్పలేదు. మూడో చరణం మొదలైంది, సగమైంది. లోసలీనె ఈలోగా నాలుగు అంత్యక్రియలు ఊహించుకుంది. అప్పుడు కలోలైనె నడుముకి చుట్టుకున్న చాప సర్దుకుని లేచింది.

"మొహానికేం, బాగానే ఉంది," అంది వేదిక వైపు నడుస్తూ. "మోకాళ్ళకే నూనె చాల్లేదు."