బొంతల దొంతరలో జోర్గో

ఎసెన్‌కుల్ తన కూతురికి ఒక్క పూటలో సంబంధం ఖాయం చేశాడు. కుట్టుమిషనుకి ఇల్లు చూడ్డానికి మాత్రం ఏడాది పట్టేది.

బస్సు నడిపి రిటైరైన మనిషి. కొండల మధ్యనున్న నరీన్ పట్టణంలో, బజారు వెనకున్న పాత ఇనుము కొట్లోంచి, రేపోమాపో కరిగిపోబోయే చేతిమిషన్లను ఇంటికి తెచ్చి, తుప్పు గీకి, నూనె పట్టి, మళ్లీ కుట్టేలా చేసేవాడు. అంతవరకు భార్య బుర్మాకన్‌కి పేచీ లేదు. బాగుపడ్డవాటిని ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యాలి కదా, చిక్కల్లా అక్కడే. ఉచితంగానే ఇస్తాడు. కానీ అడగడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తాడు.

"నూనె ఏ రోజు వేస్తావమ్మా? చలికాలం ఎక్కడ పెడతావు? మీ ఇంట్లో ఎవరికైనా చెయ్యి దురుసా?"

చాలామంది టీ తాగి లేచిపోయేవారు.

ఈ పరీక్షలో మొట్టమొదట తప్పింది బుర్మాకనే.

"బొంతలకి కొత్త తొడుగులు కుట్టాలి. ఒకటి నాకివ్వండి ముసలాయనా" అని అడిగింది.

"నీది విసురు చెయ్యి. నువ్వు పిండి కలిపితే బల్ల గోడదాకా నడుస్తుంది."

"ఆ పిండేగా పెళ్లైనప్పట్నించీ తింటున్నారు?"

"నాకు పళ్లున్నాయి కాబట్టి తట్టుకున్నాను. మిషను లోపలి షటిల్‌కి లేవు."

ఆమె మళ్లీ అడగలేదు. గెలిచానని ఎసెన్‌కుల్ అనుకున్నాడు.

కొన్నాళ్లకి పక్కింటి కాలిపా వచ్చింది. నూనె శుక్రవారం వేస్తానంది. చలికాలం పొయ్యికి మరీ దగ్గరా కాదు, దూరమూ కాదు, తలుపు గాలి తగలనిచోట పెడతానంది. ఇంకా అడగని ప్రశ్నకి కూడా జవాబు చెప్పింది. ఎసెన్‌కుల్‌కి కళ్లు చెమర్చాయి. ఎర్ర చక్రం మిషను ఆమె చేతుల్లో పెట్టి, "చూశావా, మనిషంటే ఇలా ఉండాలి" అన్నాడు భార్యతో.

"చూశాను" అంది బుర్మాకన్.

వసంతంలో కబురొచ్చింది. కూతురి అత్తమామలు మొదటిసారి ఇంటికి వస్తున్నారు. బుర్మాకన్ అతిథుల గది తలుపు బార్లా తీసింది.

"వియ్యాలవారు ఎక్కడ కూర్చోవాలి? మిషన్ల ఒళ్లోనా? ఆదివారానికి ఇందులో ఒక్కటి కనపడితే మళ్లీ ఇనుము కొట్టుకే పంపిస్తాను."

ఆ వారం ప్రశ్నలు తగ్గాయి. శనివారానికి పేరు కూడా అడగడం మానేశాడు. ఒక్కటి మాత్రం మిగుల్చుకున్నాడు. కుదుపు లేకుండా నడిచే గుర్రాన్ని వాళ్లు జోర్గో అంటారు. ఆ మిషనూ అలాగే నడుస్తుంది కాబట్టి దానికి ఆ పేరే పెట్టాడు. దాన్ని ఎవరికీ ఇవ్వడు. పైగా ఇంకో గండముంది. వియ్యాలవారు మెచ్చుకున్న వస్తువు వాళ్లతోనే వెళ్లాలి. నరీన్‌లో దానికి అప్పీలు లేదు.

అందుకని జోర్గోని గొర్రెతోలులో చుట్టి, పెద్ద పెట్టె మీద పేర్చిన బొంతల దొంతరలో దాచాడు.

"మన దొంతరకి నెల తప్పినట్టుందే?" అంది బుర్మాకన్.

"కొత్త తొడుగులు ఎక్కడో కుట్టించావు కదా, ఉబ్బుతాయి."

"ఓహో" అని ఆమె టీ పెట్టడానికి వెళ్లింది.

ఆదివారం వియ్యంకుడు, వియ్యపురాలు తోక్తోబుబు, ఆమె అక్కచెల్లెళ్లు, వాళ్ల భర్తలు, రెండు కార్లలో దిగారు. వాళ్లు కూర్చోడానికని దొంతర మీంచి బొంతలు ఒక్కొక్కటే నేల మీదికి దిగాయి. బొంత బొంతకీ ఎసెన్‌కుల్ గుండె కూడా దిగింది.

"ఒక్కటి చాలు బుర్మాకన్! ఎత్తు మీద కూర్చుంటే నడుం పట్టేస్తుంది."

వియ్యంకుడు నూనెలో వేయించిన బోర్సోక్ ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "మా కిందికెన్ని బొంతలో లెక్క చూస్తున్నారా బావగారూ?"

"అయ్యో, కుట్టు చూస్తున్నాను! ఎంత సమంగా పడిందో చూడండి. ఎవరిదోగానీ, ఎంత నెమ్మదైన చెయ్యి!"

టీ పోస్తున్న బుర్మాకన్ చెయ్యి కాస్త ఆగి, మళ్లీ పోసింది.

భోజనాలయ్యాయి. ఇంకో రెండు బొంతలు లేస్తే జోర్గో ముక్కు బయటపడుతుంది. వాళ్లు బయల్దేరబోతున్నారు కదా అని ఎసెన్‌కుల్ ఊపిరి తీసుకున్నాడు.

"దొలోన్ కనుమలో మంచు పడుతోందట. ఈ పూటకి ఉండిపోండి వదినగారూ. బొంతలకేం కొదవ?" అంది బుర్మాకన్.

"మంచేంటి! ఆకాశం అద్దంలా ఉంటేనూ!"

అతిథులంతా ఎసెన్‌కుల్ వైపు తిరిగారు. వియ్యాలవారిని వెళ్లగొట్టిన మొదటి మనిషిగా ఊరు తనని ఎన్నేళ్లు చెప్పుకుంటుందో అతనికి తోచింది.

"అద్దాన్ని మాత్రం ఏం నమ్ముతాం? ఉండండి, ఉండండి" అన్నాడు.

బుర్మాకన్ పక్కలకని ఒక బొంత తీసి, రెండోది లాగింది. గొర్రెతోలు జారింది. జోర్గో మెడ బయటపడింది.

తోక్తోబుబు లేచొచ్చి దాని పిడి పట్టుకుని మెల్లగా తిప్పింది. "మా అమ్మది అచ్చం ఇలాంటిదే. ఆ కరువు రోజుల్లో పిండి బస్తాకి ఇచ్చేసింది. ఎంత బాగుందో!"

ఆ మాట అననే అంది.

"మీకోసమే దాచారు వదినగారూ" అంది బుర్మాకన్. "వేరేవాళ్ల కన్ను పడకుండా బొంతల్లో పెట్టారు. నాక్కూడా చెప్పలేదు."

ఎసెన్‌కుల్ నోరు తెరిచాడు. "నూనె ఏ రోజు..."

"ఏమిటన్నయ్యగారూ?"

"నూనె సీసా కూడా తీసుకెళ్లండి అంటున్నాను."

మర్నాడు కార్లు కనుమ వైపు వెళ్లిపోయాక, అతను తలవంచుకుని బొంతలు మడతపెడుతూ కూర్చున్నాడు. బుర్మాకన్ పెద్ద పెట్టె మూత ఎత్తింది. లోపల ఎర్ర చక్రం మిషను ఉంది. దాని పాదం కింద, సగం కుట్టిన బొంత తొడుగు.

ఎసెన్‌కుల్ చక్రాన్ని చూశాడు. ఒళ్లో ఉన్న బొంత కుట్టును చూశాడు. మళ్లీ చక్రాన్ని చూశాడు.

"కాలిపాకి జవాబులు..."

"నేనే నేర్పాను."

అతని చెయ్యి మెల్లగా పిడి వైపు జరిగింది. ఆమె మూత దించింది.

"మీది దురుసు చెయ్యి కాదని ఎవరైనా చెప్పాలి ముసలాయనా. నేను అడిగించినట్టే మీరూ వెళ్లి కాలిపాతో అడిగించండి, చూద్దాం."