నలకల్ని పెంచుకోండి!

ఇంట్లో నలకంతేసి పురుగుల్ని పెంచడం పిల్లల తల్లులందరికీ శ్రేయస్కరమని మనవి చేస్తున్నాను. నవ్వకండి! గ్లాసు రెండుసార్లు కడిగి, మూడోసారి వాసన చూస్తేగానీ నీళ్లివ్వని మనిషిని నేను.

మా మైత్రేయి తొమ్మిదో తరగతి. స్కూల్ ప్రాజెక్టని చెప్పి చిన్న అక్వేరియంలో కొల్లేరు నీళ్లు, గుప్పెడు నాచు తెచ్చి పోసింది. చేపల్లేవు. ఫోన్‌కి లెన్సు తగిలించి చూపించిందీ... అమ్మో! నెత్తిమీద వెంట్రుకలు గిర్రున తిప్పేదొకటి, ఒంటికన్నుదొకటి, గుండె కొట్టుకోవడం పైకే కనబడేదొకటి! పాక్కుంటూ వచ్చి చారులో పడతాయని అక్వేరియం మీద పీట, పీట మీద రోలు పెట్టాను.

కానీ ఎన్ని లాభాలని! పిల్ల చెప్పకుండానే చేతులు కడుక్కుంటోంది. నాలుగు రోజులుందామని తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మా ఆడపడుచు ప్రసన్నకుమారి, ఫోన్‌లో ఆ గుండె చూసి, కాఫీ కూడా ముట్టకుండా సాయంత్రం బస్సెక్కేసింది. ఏ దేవుడికి మొక్కితే ఇంత త్వరగా ఫలిస్తుందండీ?

ఎండలకి నీళ్లు తగ్గాయి. జాలిపడి చెంబుడు కుళాయి నీళ్లు పోశాను. మర్నాటికి ఒక్కటీ కదల్లేదు!

"ఏం పోశావమ్మా?" అని పిల్ల ఏడుపు.

"విషమేం పోస్తానే? రోజూ నువ్వు తాగే నీళ్లే!"

నాకైతే గర్వంగానే ఉంది. పురుగు బతకలేనంత శుభ్రమైన నీళ్లు! మావారు క్లోరిన్ అన్నారు. సరే, అది పోతుందని కుళాయి నీళ్లు బకెట్లో రెండ్రోజులు ఎండలో ఉంచి, కొత్తగా తెచ్చిన కొల్లేరు నీళ్లలో కలిపాం. మళ్లీ అంతే.

అప్పుడు మొదలైంది గుండెదడ. మరగబెడితే పురుగు చస్తుంది. పురుగును చంపినది దేనికి చస్తుందండీ? పురుగుంటుందేమోనని పద్నాలుగేళ్లు హడలిపోయినదాన్ని, ఒక్కటైనా కదలమని లెన్సు పట్టుకుని బతిమాలాను!

మనుషులు తాగే నీళ్లు ఎవరికి చూపించాలి? అడిగిన చోటల్లా "అర్జీ పెట్టండమ్మా, చూస్తాం" అన్నారు. చెరువు నీళ్లకైతే కైకలూరులో అడుగడుక్కీ ల్యాబే! సీసా పట్టుకెళ్లి, చేపల చెరువు నీళ్లని అబద్ధమాడాను. ల్యాబ్‌లో రూబెన్ గారు పరీక్ష చేసి కంగారుపడిపోయారు.

"ఇందులో చేపలున్నాయాండీ? ఈ పూటే వేరే చెరువులోకి మార్చెయ్యండమ్మా. రేపటిదాకా ఆగకండి!"

ఎంత దయగల మనిషి! ఇంటికొచ్చేసరికి కుళాయి వచ్చింది. మాకు వేరే చెరువు లేదు కదా, బిందె పెట్టాను.

మా మైత్రేయి చేపై పుట్టి ఉంటే, ఈపాటికి నీళ్లు మారేవి కదండీ!