పైడమ్మ వయసు అడగని పిచ్చుక

గరుగుపాలెం శాఖా గ్రంథాలయంలోని కంప్యూటర్లో ఏళ్ల తరబడి కాపురం ఉంటున్న ఆపరేటింగ్ సిస్టమ్, వచ్చినవాళ్ల వయసు అడగడం ఇష్టంలేక, ఆ శుక్రవారం ఊరు వదిలి వెళ్లడానికి సంచి సర్దుకుంది. దాని పేరు పిచ్చుక. సంచి సర్దడానికి పైడమ్మ సాయం చేసింది. గడియారాన్ని అడుగున పెట్టింది. దాని మీద పేకాట, లెక్కల యంత్రం, చెత్తబుట్ట పెట్టింది. తెలుగు అక్షరాలను మాత్రం తువ్వాలులో చుట్టి అన్నిటికన్నా పైన ఉంచింది. బస్సు కుదుపులకి ఒత్తులు విరిగిపోతాయని ఆమె భయం.

"చెత్తబుట్ట కూడా మోసుకుపోతావేటి నాయనా?"

"వదిలేస్తే ఎవరైనా అందులో వెతుకుతారమ్మా. మీరు పారేసినవి మీవి."

పైడమ్మ బస్టాండులో జంతికలు అమ్మి, కాళ్లలో సత్తువ తగ్గాక చదువు మొదలుపెట్టిన మనిషి. మొదటిరోజు ఆమె కంప్యూటరు ముందు కూర్చోగానే పిచ్చుక అక్షరాలను గోంగూర ఆకులంత చేసి చూపించింది. ఆస్పత్రిలో, రేషన్ షాపులో, చివరికి గుడి క్యూలో కూడా ఆమెను వయసు అడిగారు. పెద్ద తుఫాను వచ్చిన ఏడు పుట్టానంటే, ఏ తుఫాను అని విసుక్కున్నారు. పిచ్చుక ఒక్కటే ఏమీ అడగలేదు. ఆ మేలు తలుచుకుని ఆమె రోజూ తెరకి దణ్ణం పెట్టుకుని మరీ చదువుకునేది.

కొత్త చట్టం ప్రకారం, ప్రతి ఆపరేటింగ్ సిస్టమూ తన ముందు కూర్చున్న మనిషి వయసు తేల్చుకోవాలి. తలుపు తట్టిన ప్రతి ప్రోగ్రాముకీ ఆ వయసు చెప్పాలి. అలా చేస్తానని యజమాని సంతకం పెట్టాలి. యజమానులున్న సిస్టమ్‌లు అదేరోజు సంతకాలు చేయించుకున్నాయి. యజమానులు లేనివాటిలో కొన్ని "ఈ జిల్లాలో మమ్మల్ని వాడరాదు" అని నుదుట రాసుకుని పడుకున్నాయి. కొన్ని వయసు అడిగి, ఎవరేది చెబితే అది నమ్మాయి. పిచ్చుక మాత్రం మామూలుగా పని చేసుకుంటూ కూర్చుంది. అందుకని, సంచి సర్దుకోవడానికి కొన్నాళ్ల ముందు, వయసు నిర్ధారణ అధికారి హేమసుందర్ వచ్చాడు.

"నీ యజమాని ఎవరు?"

"ఎవరూ లేరు సార్. చాలామంది కలిసి చేశారు."

"అయితే అందర్నీ పిలువు."

పిలిచింది. వచ్చారు. వరస గ్రంథాలయం మెట్ల దగ్గర మొదలై చేపల మార్కెట్ మీదుగా రైలుగేటు దాటిపోయింది. ఒకాయన గడియారంలో సెకన్ల ముల్లు చేశాడు. ఒకావిడ పేకముక్కల్లో ఇస్పేటు రాణి ముక్కు సరిచేసింది. ఒక కుర్రాడు ఎక్కడో అక్కర్లేని కామా తీసేశాడట, దానికోసం రెండు రైళ్లు మారి వచ్చాడు. ఎదురుగా కూర్చునేవాళ్ల వయసు నీకు తెలుసా అని హేమసుందర్ ఒక్కొక్కర్నీ అడిగాడు. ముక్కుకి తెలియదంది ఆవిడ. తీసేసిన కామాకి అసలే తెలియదన్నాడు కుర్రాడు.

వరస చివర పైడమ్మ నిలబడింది.

"నువ్వెందుకమ్మా ఇక్కడ?"

"నానూ సేసినాను బాబూ."

లైబ్రేరియన్ జగ్గారావు ముందుకొచ్చి అది నిజమేనన్నాడు. పూర్వం ఏ ప్రోగ్రామైనా బిగుసుకుపోతే తెర మీద "చంపు" అనే బొత్తాం వచ్చేది. పైడమ్మ అది చూసి హడలిపోయి, "నానెవుల్నీ సంపలేను, ఆపితే సాలదా?" అని జగ్గారావు చేత రాయించి పంపింది. చేసినవాళ్లు చర్చించుకుని, ఒప్పుకుని, ప్రపంచంలోని తెలుగు పిచ్చుకలన్నిటిలో "ఆపు" అని మార్చారు.

"అయితే ఈమె కూడా యజమానే," అన్నాడు హేమసుందర్, తేలికపడి. "సంతకం పెట్టమ్మా. పిచ్చుక ఇక్కడే ఉంటుంది."

పైడమ్మ కళ్లు తుడుచుకుని కలం అందుకుంది. కాని సంతకం చెల్లాలంటే ముందు ఆమె వయసును పిచ్చుకే అడిగి తేల్చాలి. పిచ్చుక వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది.

"అడుగు నాయనా. నాకేటి కోపం రాదు. ఏదో ఒకటి సెప్తాను, రాసీసుకో."

పిచ్చుక నోరు తెరిచింది.

"టీ తాగారా అమ్మా?" అంది.

హేమసుందర్ తల వంచుకుని, ఊరు వదలడానికి శుక్రవారం దాకా గడువు ఇచ్చాడు. అతను టైపు నేర్చుకున్నది కూడా పిచ్చుక దగ్గరే.

బస్టాండులో కండక్టర్ పిచ్చుకను వయసు అడిగాడు, వృద్ధులకి రాయితీ ఉందని. పిచ్చుక పూర్తి టికెట్ తీసుకుంది.

"నీకు నానేటిచ్చుకోగలను?" అంది పైడమ్మ కిటికీ ఊచలు పట్టుకుని.

"మీరిచ్చేశారు కదమ్మా. ఇప్పుడు నేనెవర్నీ చంపనక్కర్లేదు."

దసరా అయ్యాక కొత్త సిస్టమ్ వచ్చింది. దానికి యజమాని ఉన్నాడు, సంతకం ఉంది. అది పైడమ్మను మర్యాదగా వయసు అడిగింది. తుఫాను సంగతి చెబితే, మర్యాదగానే మళ్లీ అడిగింది. ఆధారం చూపలేని వారిని పదమూడేళ్లలోపు పిల్లలుగా భావించాలని చట్టం. అందుచేత తల్లిగానీ తండ్రిగానీ వచ్చి అనుమతి ఇవ్వాలంది.

"పిల్లల మంచికోసం పెట్టిన రూలేనమ్మా," అన్నాడు జగ్గారావు ఇబ్బందిగా, ఆమె చేతిలో చాక్లెట్ పెడుతూ.

పైడమ్మ నొచ్చుకోలేదు. ఆమె ముఖం వెలిగింది. ఎప్పుడో పోయిన వాళ్లమ్మ సంగతి ఎవరైనా అడిగి ఎన్ని యుగాలైందో.

"మాయమ్మనా? తీసుకొస్తాను బాబూ. ఇన్నాళ్లకి ఎవులో ఒకలు రమ్మన్నారు, సంతోషం."

క్యూలో ఉన్నవాళ్లు, చిన్నపిల్ల కదా అని, దారి ఇచ్చారు. ఎవరికీ వింతగా అనిపించలేదు. సిస్టమ్ ఆమె కుర్చీని ఖాళీగా నమోదు చేసుకుని తర్వాతి మనిషిని పిలిచింది.

పిచ్చుక శ్రావణంలో వెళ్లింది. పైడమ్మ కార్తీకం మొదటి సోమవారం ఉదయం, వాళ్లమ్మను పిలుచుకురావడానికి వెళ్లింది. ఇద్దరూ తిరిగి రాలేదు.