ఎక్కువమంది సుఖం కోసం

ఎవరూ రాకముందే ఆఫీసుకి వెళ్ళి, ఒక కుర్చీని వరండాలో వేయించేయాలని ఆ ఉదయం అధికారిగారి ఆలోచన. వేయించడం పెద్ద పనేం కాదు. ఎవరి కుర్చీ అన్నదే రెండు రోజులుగా ఆయన్ని కుదురుగా ఉండనివ్వడం లేదు. గుమాస్తాల గదిలో ఒక మూల పైకప్పు కారుతోంది. మరమ్మతు అయ్యేదాకా, అంటే నెల్లాళ్ళపాటు, ఏడుగురిలో ఒకరు వరండాలో మరుగుదొడ్డి పక్కన కూర్చోవాలి. ఎవరికి చెప్పినా మొహం మాడ్చుకుంటారు. మాడిన మొహాలంటే ఆయనకి చచ్చేంత భయం.

ఆయన గడ్డం గీసుకుంటుంటే పక్క గదిలో కూతురు పరీక్షకి చదువుతూ పచార్లు చేస్తోంది. "ఏ పని వల్ల ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలుగుతుందో అదే మంచి పని. దీన్నే ఉపయోగితావాదం అంటారు."

ఆయన చేయి ఆగిపోయింది. "ఏదీ, మళ్ళీ చదువమ్మా! అంటే ఆరుగురి సుఖం కోసం ఒకడు ఇబ్బంది పడినా తప్పు లేదన్నమాట!"

"ఆ ఒక్కడి గతేంటని అడిగినవాళ్ళూ ఉన్నారు నాన్నా. అది తర్వాతి పేజీలో ఉంది."

"తర్వాతి పేజీ సాయంత్రం చూద్దాంలే!" అంటూ నురగ తుడుచుకుని, ఒక చెంప గీయకుండానే బయల్దేరారు.

ఆఫీసుకి వెళ్తూనే నోటీసు రాశారు. "మనలో ఎవరు లేకపోతే తక్కినవారికి అతి తక్కువ ఇబ్బందో ఆ ఒక్కరి పేరు చీటీ మీద రాసి, మధ్యాహ్నంలోగా పెట్టెలో వేయవలెను. ఫలితానికి అందరూ కట్టుబడి ఉండాలి." కింద సంతకం పెట్టారు. ఆ హడావుడిలో వరండా సంగతీ కుర్చీ సంగతీ రాయడం మరిచారు. నోటీసు గోడకి అంటించి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

టైపిస్టు అది చదివి లోపలికి పరుగెత్తింది. "బాబాయిగారూ! మనలో ఒకర్ని తీసేస్తున్నారు!" అంది రికార్డుల గుమాస్తాతో. తల నెరిసిన ఆయన్ని ఆఫీసంతా బాబాయిగారనే పిలుస్తుంది.

అరగంటలో ఆఫీసు రూపే మారిపోయింది. తను లేకపోతే గడవదనిపించుకోవాలని ఎవరి తాపత్రయం వారిది. తపాలా గుమాస్తా మూడేళ్ళుగా తొక్కిపెట్టిన దరఖాస్తులన్నీ బయటికి లాగి, "మీ పని అయిపోయింది, ఇవాళే రండి," అని అందరికీ ఫోన్లు చేయసాగాడు. బాబాయిగారు బీరువాల మీది పాత ఫైళ్ళు దించి దులిపితే, ఆ దుమ్ములో ఎవరికి ఎవరూ కనబడలేదు. టైపిస్టు చేతులు ఊరుకోక నిన్నటి ఉత్తరాలనే మళ్ళీ టైపు చేసింది. పదకొండయ్యేసరికి ఫోన్లు అందుకున్న జనం మెట్ల దాకా నిండిపోయారు. ఎవరు ఏ గదిలోకి వెళ్ళాలో చెప్పే నాథుడు లేడు.

మధ్యాహ్నం కావస్తున్నా పెట్టెలో ఒక్క చీటీ పడలేదు.

"ఎవరి పేరని రాయను బాబాయిగారూ? రాసి ఇంటికెళ్తే ముద్ద దిగుతుందా?"

"నా పేరు రాసెయ్యమ్మా. ఇంకో ఎనిమిది నెలల్లో ఎలాగూ రిటైరై పోయేవాణ్ణి. మీరంతా పిల్లలుగలవాళ్ళు."

"మళ్ళీ ఆ మాటంటే ఊరుకోను!" అంటూ టైపిస్టు కళ్ళు తుడుచుకుంది. దుమ్ము వల్లేనని అందరూ సరిపెట్టుకున్నారు. తర్వాత ఆమె గోడ దగ్గరికెళ్ళి నోటీసు మొదటి మాట ఇంకోసారి చదివింది. ఏడు తలకాయలూ ఒకచోట చేరి, గుసగుసలాడి, విడిపోయాయి.

పన్నెండున్నరకి అధికారిగారు పెట్టె తెరిచారు. మొదటి చీటీలో తన హోదా ఉంది. రెండోదాంట్లోనూ అదే. ఏడోదీ అంతే. అందరినీ పిలిచారు.

"ఏమిటిదంతా?"

బాబాయిగారు ముందుకొచ్చారు. "నోటీసులో 'మనలో' అన్నారు కదండీ. మీరు లేకపోతే ఎవరికి ఇబ్బందా అని అందరం కూర్చుని ఆలోచించాం. ఎంత ఆలోచించినా తట్టలేదు."

"అయితే నన్ను ఉద్యోగంలోంచి పొమ్మంటారా!"

"పంపిస్తానన్నది మీరే కదండీ?"

"ఎవరయ్యా అన్నది? నేనడిగింది పైకప్పు బాగయ్యేదాకా వరండాలో ఎవరి కుర్చీ వేయాలని!"

ముందుగా టైపిస్టుకి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. పొద్దుటినుంచి బిగబట్టిన ప్రాణాలన్నీ ఒక్కసారి కుదుటపడ్డాయి.

"అంతేనా సార్! ఎవరి కుర్చీయో తేలిపోయిందిగా. కారే మూలలో వాళ్ళు మీ గదిలో సర్దుకుంటారు. కట్టుబడి ఉండాలని మీ సంతకమే ఉంది," అంది ఆమె.

ఆయన నోరు తెరిచేలోపే నలుగురు ఆయన కుర్చీ ఎత్తారు, ఇద్దరు బల్ల ఎత్తారు. అధికారిగారు వరండాలో కూర్చున్నారో లేదో జనం చుట్టుముట్టారు. "ఏమండీ, దరఖాస్తులెక్కడ?" "సంతకం ఎవరు పెడతారు?" మొదట విసుక్కున్నారు. తర్వాత గది చూపించారు. ఆ తర్వాత, కళ్ళజోడు మరిచిన ఒక ముసలావిడ ఫారం తనే నింపి సంతకం చేసిచ్చారు. ఆఫీసు మూసేవేళకి వరండా ఖాళీ అయింది.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన వల్ల అంతమందికి పనులు జరగడం అదే మొదటిసారి.